అర్కాదీ స్త్రుగాత్స్కీ: నవలాకారుడి వెనుక ఉన్న జపనీస్ అనువాదకుడు

సోవియట్ కాలపు రష్యన్ సైన్స్ ఫిక్షన్ రచయితలైన స్త్రుగాత్స్కీ సోదరులలో పెద్దవారైన అర్కాదీ జపనీస్ నుంచి, ఇంగ్లీషు నుంచి అనువాదాలు చేశారని చదివినట్టు రాస్తూ, అది పొట్టకూటి కోసం చేసిన పక్కపనా, లేక ఆయన సైన్స్ ఫిక్షన్ నవలల మీద దాని ముద్ర ఉందా అని అడిగారు. ఇద్దరూ కలిసి రాసిన పుస్తకాలలో అసలు రచన ఎవరిదన్నది మీ రెండో ప్రశ్న. నేను చాలాకాలంగా ఈ సోదరులను రష్యన్‌లోనే చదువుతున్నాను, అనువాదం పని కూడా కొంత తెలిసినవాడిని, కాబట్టి నా అభిప్రాయం ముందే చెబుతాను. అర్కాదీకి అనువాదం పక్కపని కాదు, మొదటి వృత్తి. రచన దాని తర్వాత వచ్చింది. ఆ నవలల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఒక మనిషి ఉన్నాడు. పరాయి సమాజంలో వాళ్ల భాషను తడబాటు లేకుండా మాట్లాడుతూ, వాళ్లలో ఒకడిగా చలామణీ అవుతూ, మనసులో మాటను మాత్రం బయటపెట్టే వీలు లేకుండా బతికే మనిషి. సైన్యంలో దుబాసీగా గడిపిన యౌవనంలోంచే అతను పుట్టాడని నేననుకుంటాను. ఇది ఆ అన్నదమ్ములు తమ నోటితో చెప్పిన మాట కాదు. వారి నవలలనూ అర్కాదీ అనువాదాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు తోచిన సంగతి.

అర్కాదీ 1925 ఆగస్టు 28న నల్లసముద్రపు ఒడ్డున, జార్జియాలోని బతూమిలో పుట్టారు. తండ్రి నతాన్ అంతర్యుద్ధంలో పాల్గొన్న బోల్షివిక్, పత్రికా సంపాదకుడు, తర్వాత కళావిమర్శకుడు, తల్లి ఉపాధ్యాయురాలు. కుటుంబం లెనిన్‌గ్రాద్‌కు మారిన తర్వాత 1933లో తమ్ముడు బోరిస్ పుట్టారు. 1941 సెప్టెంబరులో జర్మన్ సైన్యం నగరాన్ని ముట్టడించింది. ఆ చలికాలం అక్కడ ఆకలితో చనిపోయినవారి లెక్క లక్షల్లో ఉంటుంది. 1942 జనవరిలో తండ్రీ పెద్దకొడుకూ గడ్డకట్టిన లదోగా సరస్సు మీదుగా నగరం నుంచి బయటపడ్డారు. ప్రయాణం చేయలేని స్థితిలో ఉన్న బోరిస్ తల్లితోపాటు వెనకే ఉండిపోయారు. తండ్రి వోలోగ్డా దాకా వచ్చి అక్కడే చనిపోయారు. పదహారేళ్ల అర్కాదీ ఒంటరిగా ఓరెన్‌బర్గ్ ప్రాంతంలోని తష్లా అనే పల్లెకు చేరుకున్నారు. తల్లీ తమ్ముడూ తర్వాత అక్కడికి వచ్చి కలిశారు. సోదరుల నవలల్లో ఆకలి, శవాలు, అధికారం ముందు మనిషి ప్రాణానికి విలువలేకపోవడం వచ్చినచోటల్లా కథనం ఒక్కసారిగా పొడిపొడిగా, విశేషణాలు లేకుండా మారిపోవడం మీరు గమనించే ఉంటారు. ముట్టడిని చూసినవారు దాని గురించి అలంకారాలతో రాయలేకపోయారేమో.

1943లో అర్కాదీ సైన్యంలోకి వెళ్లారు. మొదట అక్త్యూబిన్‌స్క్‌లోని ఫిరంగి శిక్షణ పాఠశాలలో చేర్చుకున్నా, అక్కడి నుంచి మాస్కోలోని సైనిక విదేశీ భాషల సంస్థకు పంపారు. 1949లో జపనీస్, ఇంగ్లీషు భాషల సైనిక అనువాదకుడిగా పట్టా పుచ్చుకుని బయటకు వచ్చారు. చదువు మధ్యలోనే, టోక్యో యుద్ధనేరాల విచారణకు సన్నాహంగా జపాన్ యుద్ధఖైదీలను ప్రశ్నించే చోట దుబాసీగా పనిచేశారు. ఇరవై ఏళ్లు దాటీ దాటని కుర్రవాడు ప్రశ్నించే అధికారికీ ఓడిపోయిన శత్రువుకూ మధ్య కూర్చున్నాడు. ఇద్దరి మాటా అతని నోటినుంచే వస్తుంది, ఏదీ అతనిది కాదు. వయసు మీద పడ్డాక చేసే దుబాసీ పని వేరు, ఆ వయసులో చేసేది వేరు.

తర్వాత సైబీరియాలోని కాన్‌స్క్‌లో సైనిక అనువాదకుల పాఠశాలలో జపనీస్ బోధించారు. 1952 నుంచి కంచట్కాలో ఉన్నారు. ఆ ఏడు నవంబరు 5న వచ్చిన సునామీ పరముషీర్ దీవిలోని సేవెరో-కురీల్‌స్క్ పట్టణాన్ని తుడిచిపెట్టినప్పుడు ఆ తర్వాతి సహాయకార్యాలలో ఆయన కూడా ఉన్నారు. ఒక ఊరంతా కొన్ని గంటల్లో లేకుండాపోవడం ఎలా ఉంటుందో పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం ఈ రచయితకు రాలేదు. గ్రహం మొత్తాన్ని ముంచెత్తబోయే ప్రళయపు అలను గురించిన నవల 1963లో సోదరుల నుంచి వచ్చింది. దూర ప్రాచ్యంలో మరికొంత కాలం పనిచేసి 1955లో అర్కాదీ సైన్యం నుంచి బయటకు వచ్చారు.

మొదటి పుస్తకం సైన్స్ ఫిక్షన్ కాదని చాలామంది గమనించరు. 1954 మార్చి 1న అమెరికా బికినీ పగడపుదిబ్బ దగ్గర హైడ్రోజన్ బాంబును పరీక్షించినప్పుడు, ‘ఐదవ ఫుకుర్యూ మారు’ అనే జపాన్ చేపల పడవ మీద అణుధూళి కురిసింది; పడవలోని 23 మంది జబ్బుపడ్డారు, రేడియో ఆపరేటర్ కుబొయామా ఆ సెప్టెంబరులో చనిపోయారు. ఈ సంఘటన ఆధారంగా తన తోటి సైనిక అనువాదకుడు లేవ్ పెత్రోవ్‌తో కలిసి అర్కాదీ ‘బికినీ బూడిద’ రాశారు. 1956లో అది ‘దూర ప్రాచ్యం’ అనే పత్రికలో అచ్చయింది. సోవియట్ ప్రచారసాహిత్యపు వాసన దానిలో ఉంది, దాచలేం. అయినా జపాన్ జాలర్ల రోజువారీ జీవితాన్ని లోపలినుంచి చూపాలన్న పట్టుదల కనిపిస్తుంది. అది జపనీస్ చదవగలిగిన మనిషి చేయగల పని.

మాస్కోలో స్థిరపడ్డాక ఆయన సంపాదకుడిగా పనిచేశారు. బాలసాహిత్య ప్రచురణ సంస్థ ‘దెత్‌గీజ్’లో చాలాకాలం ఉన్నారు. తమ్ముడు బోరిస్ లెనిన్‌గ్రాద్ విశ్వవిద్యాలయంలో చదివి పూల్కొవో వేధశాలలో ఖగోళశాస్త్రజ్ఞుడిగా చేరారు. ఇద్దరూ కలిసి రాయడం ఎలా మొదలైందో బోరిస్ తర్వాత చెప్పారు. లెనిన్‌గ్రాద్‌లోని నేవ్‌స్కీ వీధిలో నడుస్తూ అప్పటి సోవియట్ సైన్స్ ఫిక్షన్‌ను అన్నదమ్ములు తిట్టిపోస్తుంటే, అర్కాదీ భార్య, తిట్టడం తేలికే, మీరొకటి రాసి చూపించండని పందెం వేశారట. ఆ పందెం ఫలితం శుక్రగ్రహ యాత్ర మీద రాసిన ‘కెంపుమబ్బుల దేశం’, 1959లో అచ్చయింది. ఈనాడు అది పెద్దగా నిలబడే పుస్తకం కాదు. మరికొన్నేళ్లకే, 1962 నుంచి 1968 వరకు, వారు రాసినది చూస్తే అదే చేతులు రాశాయంటే నమ్మబుద్ధి కాదు.

ఎవరిది రచన అన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు ఇస్తాను. అన్న మాస్కోలో, తమ్ముడు లెనిన్‌గ్రాద్‌లో ఉన్నారు కాబట్టి, రెండు నగరాల మధ్య ఒక రైల్వేస్టేషన్‌లో కలుసుకుని టీ తాగుతూ రాసుకునేవారన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. అది ఉత్త కట్టుకథ. తల్లి ఇంట్లోనో, కొమారొవో, గొలీత్సినో వంటిచోట్ల రచయితల సంఘం నడిపే విడిది గృహాలలోనో వారాల తరబడి కలిసి ఉండి రాసేవారు. ముందు ఉత్తరాల ద్వారా కథాంశం నలిగేది. తర్వాత ఒకరు, ఎక్కువగా అర్కాదీ, టైపు మెషీను ముందు కూర్చుంటే, రెండోవారు పడుకునో పచార్లు చేస్తూనో ఉండేవారు. ప్రతి వాక్యమూ పైకి చెప్పుకుని, ఇద్దరూ ఒప్పుకున్న తర్వాతే కాగితం మీదికి వచ్చేది. ఒకరికి నచ్చకపోతే రెండోవారు ఇంకో వాక్యం చెప్పాలి. అందువల్ల ఫలానా పేజీ అన్నగారిది, ఫలానాది తమ్ముడిది అని విడదీయడం సాధ్యం కాదు, విడదీయగలమని చెప్పేవారిని నేను నమ్మను. ఒక్కరే రాసినవాటికి వేరే పేర్లు పెట్టుకున్నారు: అర్కాదీ ఒంటరిగా రాసిన కొద్ది కథలు ఎస్. యారొస్లావ్‌త్సెవ్ అన్న పేరుతో వచ్చాయి, అన్న పోయాక బోరిస్ రాసిన రెండు నవలలు ఎస్. విత్తీత్స్కీ పేరుతో వచ్చాయి. ఆ పుస్తకాలను చదివితే ఉమ్మడి పుస్తకాలలో ఉన్నదేదో వాటిలో లేదని తెలుస్తుంది. బోరిస్ నవలల్లో నిర్మాణం ఉంది కానీ ఊపు తక్కువ. అర్కాదీ కథల్లో ఊపు ఉంది, పట్టు సడలుతుంది. ఇది నా తీర్పు మాత్రమే, ఒప్పుకోనివారూ ఉంటారు.

అనువాదాలకు అర్కాదీ ఎక్కువగా వాడుకున్న పేరు ఎస్. బెరెజ్‌కోవ్; అందుకే చాలామంది రష్యన్ పాఠకులు కూడా ఆయన అనువాదాలను ఆయనవని తెలియకుండానే చదివారు. ముఖ్యమైనవి చెబుతాను. 1960లో ఎల్. కోర్షికోవ్‌తో కలిసి నత్సుమె సోసెకి ‘నేను పిల్లిని’ నవలను రష్యన్‌లోకి తెచ్చారు. ఒక మాస్టారి ఇంట్లో చేరిన పేరులేని పిల్లి, మనుషుల మాటలన్నీ అర్థమవుతున్నా వాళ్లతో ఒక్క మాటా మాట్లాడలేక, వాళ్ల డాంబికాలను చూసి నవ్వుకునే నవల అది. 1964లో ఎన్చో ‘పియొనీ లాంతరు’ వచ్చింది. 19వ శతాబ్దపు కథకుడు సభలో చెబుతుండగా లఘులిపిలో రాసుకున్న దెయ్యాల కథ కాబట్టి, చెప్పేవాడి గొంతు వినిపించకపోతే ఆ పుస్తకంలో మిగిలేదేమీ లేదు. అర్కాదీ అనువాదంలో ఆ గొంతు ఉంది. అకుతగావా ర్యునోసుకే కథలను కొన్నింటిని చేశారు, వాటిలో ముఖ్యమైనది ‘కప్పా’. అనుకోకుండా నీటిప్రాణుల దేశంలో పడి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల న్యాయస్థానాలూ కర్మాగారాలూ మతమూ చూసి వచ్చిన ఒక పిచ్చాసుపత్రి రోగి చెప్పే కథ అది. అకుతగావా మీద అర్కాదీ రాసిన పెద్ద ముందుమాట ఈనాటికీ చదవదగ్గది. అదే దశకంలో జపాన్ నవలాకారుడు కోబో అబే వచ్చాడు, ఆయన సంగతి కిందికి వాయిదా వేస్తున్నాను. చివరగా 1984లో, 12వ శతాబ్దపు సేనాని యోషిత్సునె మీద 15వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న వీరగాథ ‘గికెయికి’ మొత్తం ఆయన అనువాదంలో అచ్చయింది.

ఇంగ్లీషు నుంచి చేసినవి ఎక్కువగా సైన్స్ ఫిక్షన్. జాన్ విండమ్ ‘ట్రిఫిడ్‌ల రోజు’ 1966లో వచ్చింది. తమ్ముడితో కలిసి చేసిన ఆండ్రే నార్టన్ నవల ‘అంతరిక్షంలో సర్గాసో’ 1969లో, హాల్ క్లెమెంట్ నవల ‘గురుత్వాకర్షణ యాత్ర’ 1972లో మీర్ ప్రచురణగా వచ్చాయి. నార్టన్ పుస్తకం సాదాసీదా సాహసకథ. రష్యన్‌లో అది మూలం కంటే చురుగ్గా ఉందనే పేరు తెచ్చుకుంది. నేను రెండూ చదివాను, ఆ పేరు న్యాయమైనదే. ‘మొలొదాయ గ్వార్దియ’ సంస్థ 1965 నుంచి తెచ్చిన 25 సంపుటాల ‘సమకాలీన సైన్స్ ఫిక్షన్ గ్రంథమాల’లో విచిత్రమొకటి ఉంది. ఒక సంపుటం స్త్రుగాత్స్కీ సోదరుల నవలలది, మరొకటి అబేది, ఇంకొకటి విండమ్‌ది. ఆ మూడింటి రష్యన్ వాక్యాల వెనుకా ఉన్నది ఒకే మనిషి.

అబే ‘నాలుగో మంచుయుగం’ నవలను అర్కాదీ 1965లో రష్యన్‌లోకి తెచ్చారు. భవిష్యత్తును చెప్పే యంత్రాన్ని తయారుచేసిన ఒక శాస్త్రజ్ఞుడు, సముద్రంలో మునిగిపోబోయే ప్రపంచం కోసం మొప్పలతో నీటిలో బతికే కొత్త మనుషులను ఎవరో రహస్యంగా పెంచుతున్నారని కనిపెడతాడు. తన బిడ్డ కూడా వాళ్లలో ఒకడు కాబోతున్నాడు. ఆ భవిష్యత్తును అతను భరించలేడని స్వయంగా అతని యంత్రమే తేల్చి చెబుతుంది. భవిష్యత్తు మంచిదా చెడ్డదా అని వర్తమానపు కొలతలతో అడగడమే పొరపాటన్నది అబే వాదం. 1960ల సోవియట్ సైన్స్ ఫిక్షన్‌కు ఇది మింగుడుపడని మాట, ఎందుకంటే అక్కడ భవిష్యత్తు అంటే ఈనాటి మంచివాళ్లు ఇంకా మంచివాళ్లయి ఉండే చోటు. సోదరుల తొలి కథలలో ఉన్నదీ అదే. ఆ అనువాదం అచ్చయిన రెండేళ్లలోపే వారు ‘అందవికారపు హంసలు’ రాశారు. ఎడతెగని వాన కురిసే ఊరిలో పిల్లలు తల్లిదండ్రులను వదిలి, వాళ్లకు అర్థంకాని గురువుల వెంట వెళ్లిపోతారు. కథానాయకుడైన రచయిత, ఆ పిల్లలే గెలవాలని కోరుకుంటూనే, తనకక్కడ చోటులేదని గ్రహిస్తాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1985-86లో వచ్చిన ‘అలలు గాలిని అణుస్తాయి’ నవలలో మనుషుల్లోంచే పుట్టిన లూదెన్ జాతి, మనుషులను నిర్లక్ష్యంగా వదిలి వెళ్లిపోవడం కూడా అదే ప్రశ్న. అబే లేకపోతే ఈ నవలలు వచ్చేవి కావని నేననను. కానీ ఒక పుస్తకాన్ని అనువదించినవాడు దానిని చదివినవాడి కంటే ఎంతో దగ్గరగా ఎరుగును; ప్రతి వాక్యాన్నీ తానే మళ్లీ కట్టవలసి వచ్చిన వాదం అంత తేలికగా మనిషిని వదలదు.

దుబాసీ సంగతికి వస్తాను. ‘దేవుడిగా ఉండటం కష్టం’ 1964లో వచ్చింది. మధ్యయుగాల స్థితిలో ఉన్న ఒక గ్రహం మీద, భూమి నుంచి వెళ్లిన చరిత్ర పరిశోధకుడు అంతోన్, డాన్ రుమాతా అనే పేరుతో కులీనుడిగా మసలుతుంటాడు. అతను కత్తి తిప్పాలి, తాగాలి, వాళ్లలాగే దురుసుగా మాట్లాడాలి. చదువుకున్నవాళ్లను వేటాడి చంపుతుంటే చూడాలి, చరిత్రలో జోక్యం చేసుకోకూడదు. మొదట ఇది ఉత్త కత్తియుద్ధాల సాహసకథగా మొదలైంది. 1962 డిసెంబరులో మాస్కోలోని మానేజ్ చిత్రప్రదర్శనలో సోవియట్ అధినేత క్రుశ్చేవ్ చిత్రకారుల మీద విరుచుకుపడ్డాక, 1963 మార్చిలో రచయితలనూ కళాకారులనూ పిలిచి మందలించాక, కథ స్వరూపం మారిందని బోరిస్ రాశారు. దుర్మార్గపు మంత్రికి మొదట పెట్టిన పేరు రెబియా. అక్షరాలు తారుమారు చేస్తే అది స్టాలిన్ రహస్య పోలీసుల అధిపతి బేరియా పేరు అవుతుందని కనిపెట్టిన సీనియర్ రచయిత ఇవాన్ యెఫ్రేమోవ్ సలహా మీద రేబా అని మార్చారు. రాజకీయ సందర్భం ఇది. రుమాతా అంతరంగం మాత్రం, నా లెక్కలో, అధికారులకూ ఖైదీలకూ మధ్య కూర్చుని మాటలు అటూ ఇటూ చేరవేసిన కుర్రవాడిది. చాలాకాలంగా వాళ్ల భాషలో ఆలోచించి ఆలోచించి, తాను నటిస్తున్నాడో నిజంగానే అలా మారిపోతున్నాడో తేల్చుకోలేని భయం నవల పొడవునా ఉంది. ‘జనావాస ద్వీపం’ (1969) దీనికి తిరగేసిన కథ. ఒక పరాయి గ్రహం మీద దిగిన మాక్సిమ్‌కు భాష రాదు. అక్కడివాళ్లు అతడిని పిచ్చివాడిగా లెక్కగట్టి, అతని మెదడులోని దృశ్యాలను టెలివిజన్‌లో వినోద కార్యక్రమంగా ప్రసారం చేస్తారు. భాష నేర్చుకునే కొద్దీ, ఆ దేశం ఎంత భయంకరమైనదో అతనికి అర్థమవుతుంది. ‘చీమలపుట్టలో పురుగు’ (1979-80)లో పరాయి లోకాల్లో మారువేషాల్లో బతికి బతికి ఇంటికి తిరిగివచ్చిన లేవ్ అబాల్కిన్‌ను సొంతవాళ్లే అనుమానిస్తారు. మూడు నవలలూ వరుసగా చదివితే ఒకే ఉద్యోగానికి మూడు దశల్లా కనిపిస్తాయి.

పొట్టకూటి మాటలోనూ నిజం లేకపోలేదు. సోవియట్ దేశంలో రచయితకూ అనువాదకుడికీ డబ్బు లెక్కగట్టేది ‘రచయిత షీటు’ చొప్పున, అంటే ఖాళీలతో కలిపి 40,000 అక్షరాలకు ఇంత అని. సొంత రచన అచ్చుకాని రోజుల్లో అనువాదం మీద బతకడం ఆ దేశంలో పాత ఆనవాయితీ; పాస్టర్నాక్ షేక్‌స్పియర్ నాటకాలను, అఖ్మతోవా కొరియన్ ప్రాచీన కవిత్వాన్ని అనువదించింది అలాంటి రోజుల్లోనే. సోదరులిద్దరూ 1964లో రచయితల సంఘ సభ్యులయ్యారు, ఆ తర్వాత కొన్నాళ్లు బాగానే గడిచింది. 1968 నుంచి పరిస్థితి బిగిసింది. ఆ ఏడు అధికారగణాన్ని వెక్కిరించే ‘త్రోయ్కా కథ’ను అచ్చువేసిన సైబీరియా పత్రిక ‘అంగారా’ చిక్కుల్లో పడింది. ‘జనావాస ద్వీపం’ పుస్తకంగా రావడానికి వందలాది మార్పులు చేయవలసి వచ్చింది. భవిష్యత్తులోని రష్యన్ కుర్రవాడు ఇలాంటి అనుభవాలకు గురికాకూడదు గనక మాక్సిమ్ రొస్తిస్లావ్‌స్కీ అనే పేరు జర్మన్ ధ్వనించేలా మాక్సిమ్ కమ్మెరెర్ అయింది. 1972లో ‘అందవికారపు హంసలు’ రాతప్రతి వారి అనుమతి లేకుండా పశ్చిమ జర్మనీలోని పొసేవ్ అనే ప్రవాస సంస్థ దగ్గర అచ్చయింది, దానిని ఖండిస్తూ సోదరులు పత్రికలో లేఖ ప్రకటించవలసి వచ్చింది. ‘శాపగ్రస్త నగరం’ నవలను 1970లలో రాసి, ప్రచురణకర్తలెవరికీ చూపకుండా దాచిపెట్టారు. 1988లో గానీ అది అచ్చు కావడం మొదలుకాలేదు.

గ్రహాంతరవాసులు వచ్చి వెళ్లిన నిషిద్ధ ప్రాంతంలోంచి వింత వస్తువులను దొంగచాటుగా తెచ్చేవారి కథ ‘దారిపక్క వనభోజనం’ సంగతి అందరికీ తెలిసిందే గానీ, ప్రచురణ కథ తెలిసినవారు తక్కువ. 1972లో ‘అవ్రోరా’ పత్రికలో నవల వచ్చింది. పుస్తకంగా రావడానికి ‘మొలొదాయ గ్వార్దియ’తో ఎనిమిదేళ్లు పోరాడవలసి వచ్చింది, 1980లో బయటపడింది. ఆ సంస్థ వారు నవలలోని మోటుమాటలను, హింసాదృశ్యాలను పేజీ సంఖ్యలతో జాబితాలు కట్టి పంపేవారు, ఆ జాబితాలను బోరిస్ తర్వాత ప్రకటించారు. కోట్లమంది యుద్ధం చూసిన దేశంలో ఒక పాత్ర మరొకడి దవడ పగలగొట్టడం యువతకు హానికరమని వాదించిన ఆ కాగితాలు చదివితే నవ్వొస్తుంది, కానీ అవి ఎనిమిదేళ్లను మింగాయి. ఈ నవల తొలి భాగాన్ని చెప్పే రెడ్ షూహార్ట్ గొంతు రష్యన్ రచనల్లో అంతకుముందు లేని గొంతు. వీధిభాష, పొట్టి వాక్యాలు, మొరటుతనం, దాని కింద ఎక్కడో నొప్పి. ఇంగ్లీషు భాషాదేశంలో జరిగే కథను రష్యన్‌లో నమ్మేలా చెప్పడం అర్కాదీకి కొత్త పని కాదు, విండమ్‌తోనూ నార్టన్‌తోనూ ఆ పనే చేశారు కదా. దీని ఆధారంగా తర్కోవ్‌స్కీ తీసిన ‘స్తాల్కెర్’ (1979) కోసం సోదరులు స్క్రీన్‌ప్లేను మళ్లీ మళ్లీ తిరగరాశారు, దర్శకుడికి సైన్స్ ఫిక్షన్ మీద ఆసక్తి తగ్గేకొద్దీ స్క్రీన్‌ప్లేలో దాని పాలూ తగ్గుతూ వచ్చింది. సినిమా గొప్పదే, నవలకు మాత్రం అది ప్రత్యామ్నాయం కాదు.

ఆ గడ్డుకాలంలోనే ‘గికెయికి’ పని నడిచింది. సైన్స్ ఫిక్షన్ అభిమానులు దీని జోలికి వెళ్లరు, అది వారి నష్టం. యుద్ధాలు గెలిచిపెట్టిన సేనానిని అన్నగారే అనుమానించి దేశమంతా వెంటాడుతుంటే, అతను సన్యాసి వేషాల్లో, తనవాళ్లు కొద్దిమందితో మంచు కొండల మీదుగా పారిపోయే గాథ అది. పాతకాలపు గంభీరత చెడకుండా, ఎక్కడా మ్యూజియం వాసన రాకుండా అర్కాదీ దానిని రష్యన్‌లో నడిపించారు. వేగం, హాస్యం, శోకం పక్కపక్కనే ఉంటాయి. ఆయన ఒక్కరి చేతిరాత ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే యారొస్లావ్‌త్సెవ్ కథల కంటే ఈ అనువాదమే మంచి ఆధారమని నేనంటాను.

1980ల రెండో సగంలో గోర్బచోవ్ తెచ్చిన సంస్కరణలు, పెరెస్త్రోయికాతో తలుపులు తెరుచుకున్నాయి. 1987లో బ్రైటన్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభకు సోదరులు గౌరవ అతిథులుగా వెళ్లారు. దాచిన నవలలు అచ్చయ్యాయి. అర్కాదీ ఆరోగ్యం అప్పటికే పాడైంది. 1991 అక్టోబరు 12న మాస్కోలో కాన్సర్‌తో చనిపోయారు. ఆయన కోరినట్టే చితాభస్మాన్ని హెలికాప్టర్ నుంచి వెదజల్లారు, కాబట్టి సమాధి లేదు. ఆ డిసెంబరులోనే సోవియట్ యూనియన్ రద్దయింది. బోరిస్ 2012 దాకా జీవించి, సెన్సారు కొట్టేసిన భాగాలను తిరిగి చేర్చిన పాఠాలను వెలుగులోకి తేవడానికి చాలా శ్రమపడ్డారు. 2000-2003 మధ్య దొనెత్స్క్ నుంచి వచ్చిన 11 సంపుటాల సంకలనం ఆ శ్రమ ఫలితమే. రష్యన్ చదవగలిగితే 1991కి ముందటి ప్రతులను వదిలి దానినే చూడండి.

ఇంగ్లీషులో చదవదలిస్తే ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంత గొప్ప అనువాదకుడి ప్రధాన నవల ‘దేవుడిగా ఉండటం కష్టం’ 1973లో ఇంగ్లీషులోకి వచ్చింది రష్యన్ నుంచి కాదు, జర్మన్ అనువాదం నుంచి. దానిని చదివి ఈ సోదరులు మామూలు రచయితలని తీర్మానించినవారు చాలామంది ఉన్నారు. ఓలెనా బొర్మషెంకో నేరుగా రష్యన్ నుంచి చేసిన అనువాదాలు వచ్చాక ఆ ఇబ్బంది తీరింది: ‘దారిపక్క వనభోజనం’ 2012లో, ‘దేవుడిగా ఉండటం కష్టం’ 2014లో, ‘వాలు మీద నత్త’ 2018లో వచ్చాయి. మీ ప్రశ్నను దృష్టిలో పెట్టుకుంటే, ముందు అకుతగావా ‘కప్పా’నూ అబే ‘నాలుగో మంచుయుగం’నూ ఏ భాషలో దొరికితే ఆ భాషలో చదవండి, తర్వాత ‘దేవుడిగా ఉండటం కష్టం’, ఆపైన ‘అందవికారపు హంసలు’. ‘వాలు మీద నత్త’ను చివరికి ఉంచుకోండి, అది సోదరులకు తమ పుస్తకాలన్నింటిలో ఎక్కువ ఇష్టమైనది, కొత్త పాఠకుడిని మాత్రం తొలి యాభై పేజీల్లోనే తరిమేస్తుంది.